ఒక్కచోట మారిస్తే అంతటా మారేలా: వెబ్ కాంపొనెంట్లకు థీమ్ కట్టడం ఎలా

మీ ప్రాజెక్టు ఫోల్డరు తెరిచి, అందులో ఎన్ని రకాల నీలాలున్నాయో ఒకసారి వెతకండి. బటన్‌లో ఒకటి ఉంటుంది. లింకులో దానికి దగ్గరగా ఇంకోటి. హోవర్ కోసం ఎవరో కంటికి ఆనినంత ముదురు చేసి పెట్టింది మూడోది. పాత డిజైన్ నుంచి మిగిలిపోయింది నాలుగోది. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కానీ బ్రాండ్ రంగు మార్చమని కబురొచ్చిన రోజున వీటిలో ఏది మార్చాలో, ఏది వదిలేయాలో తెలిసిన మనిషి టీమ్‌లో ఉండరు. ఒక్కో ఫైలూ తెరిచి, ఒక్కో పేజీ చూసి, ఊహించుకుంటూ మార్చాల్సిందే.

ఆ ఊహ అక్కర్లేకుండా చేసేదే థీమ్. రంగులు, ఖాళీలు, అక్షరాల సైజులు, మూలల గుండ్రం, ఈ నిర్ణయాలన్నీ ఒకచోట ఉంటాయి. బటన్, కార్డు, ఫారం లాంటి కాంపొనెంట్లు వాటిని పేరుతో అడిగి తీసుకుంటాయి. ఇలా పేరున్న ఒక్కో నిర్ణయాన్ని డిజైన్ టోకెన్ అంటారు. ఈ మాటను వాడుకలోకి తెచ్చింది సేల్స్‌ఫోర్స్ డిజైన్ సిస్టమ్ బృందం.

కింద చెప్పబోయేదానికి మామూలు సీఎస్ఎస్ వస్తే చాలు. ముఖ్యంగా వాడేది కస్టమ్ ప్రాపర్టీలు, అంటే రెండు అడ్డగీతలతో మొదలయ్యే వేరియబుల్స్. ఇవి ఫైర్‌ఫాక్స్‌లో 2014లో, క్రోమ్, సఫారీల్లో 2016లో వచ్చాయి కాబట్టి ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందోనన్న బెంగ లేదు. ఉదాహరణల్లో టోకెన్ పేర్లు తెలుగులోనే రాస్తున్నాను. సీఎస్ఎస్‌లో వేరియబుల్ పేరుకి తెలుగు అక్షరాలు నిజంగానే చెల్లుతాయి. టీమ్ అంతా తెలుగు చదవగలిగితే మీరూ అలాగే పెట్టుకోవచ్చు.

ముందు ఉన్నవాటి లెక్క తీయండి

కొత్త ఫైల్ తెరిచి టోకెన్లు రాయడం మొదలుపెట్టకండి. ముందు పాత కోడ్‌లో ఉన్న రంగులన్నీ వెతికి ఒక పట్టికలో రాయండి. మూడు నిలువు వరసలు చాలు: విలువ, ఎక్కడుంది, అక్కడ ఏం పని చేస్తోంది. ప్యాడింగ్, మార్జిన్, ఫాంట్ సైజులకూ ఇదే పట్టిక వేయండి. ఈ దశలో ఏదీ సరిచేయకండి, చేయాలనిపించినా ఆగండి. అసలు సంగతంతా మూడో వరసలో ఉంది. "నొక్కే చోటు", "తప్పు జరిగిందని చెప్పే చోటు", "రెండు భాగాలను విడదీసే గీత" అని మీరు అక్కడ రాసుకున్న మాటలే రేపు టోకెన్ల పేర్లవుతాయి.

రంగుల పెట్టె

ఒక్కో రంగుకీ లేతనుంచి ముదురుకి మెట్లు వేయండి: --నీలం-100 నుంచి --నీలం-900 దాకా, అలాగే --బూడిద, --ఎరుపు, --పచ్చ. వీటిని మూల టోకెన్లు అందాం.

మెట్లు వేసేటప్పుడు హెచ్ఎస్ఎల్‌ని, అంటే రంగును వర్ణం, గాఢత, వెలుగు అనే మూడు అంకెలతో రాసే పద్ధతిని, నమ్ముకుంటే దెబ్బతింటారు. అందులో వెలుగు 50 శాతం అని రాసిన పసుపు కళ్ళు జిగేల్మనిపిస్తుంది, అదే 50 శాతం నీలం చీకటిగా కనిపిస్తుంది. అంకె ఒకటే, కంటికి తెలిసే వెలుగు వేరు. ఓకేఎల్‌సీహెచ్ పద్ధతిలో రాస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. బ్యోర్న్ ఒట్టోసన్ 2020లో ప్రకటించిన ఓకేల్యాబ్ రంగుల లెక్క మీద కట్టిందది. ఇప్పటి బ్రౌజర్లు దాన్ని నేరుగా చదువుతాయి. అన్ని రంగుల 600 మెట్టుకీ ఒకే వెలుగు అంకె ఇస్తే, తర్వాత ఒక రంగు బదులు ఇంకో రంగు పెట్టినా చదవడానికి పెద్దగా తేడా రాదు.

పనిని బట్టి పేరు పెట్టండి

ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువ సమయం పెట్టమని అడిగేది ఇక్కడే. మూల టోకెన్లను కాంపొనెంట్లలో నేరుగా వాడకూడదు. మధ్యలో ఇంకో పొర ఉండాలి. ఆ పొరలో పేరు చెప్పేది రంగు ఎలా ఉందో కాదు, ఏం చేస్తుందో.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ముఖ్యమైన వేరియబుల్ పేరు "నీలం" అని ఉండేది. కొన్నాళ్ళకి బ్రాండ్ మారి దాని విలువ ఆకుపచ్చ అయింది. అప్పటికే దాన్ని వందల చోట్ల వాడేశారు కనుక పేరు ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ "నీలం అని ఉన్నచోట ఆకుపచ్చ అని చదువుకోండి" అని చెప్పాల్సి వచ్చేది. అలా ఒక్క పేరు అబద్ధమయ్యేసరికి, మిగతా పేర్లన్నిటినీ కూడా అనుమానంగా చూడటం మొదలైంది. నిజంగా జరిగిన నష్టం అదే.

మొదలుపెట్టడానికి ఈ మాత్రం చాలు:

--తలం → --బూడిద-100
--తలం-ఎత్తు → తెలుపు (కార్డులు, పాప్‌అప్‌లు)
--పాఠ్యం → --బూడిద-900
--పాఠ్యం-మసక → --బూడిద-600
--గీత → --బూడిద-300
--చర్య → --నీలం-600
--చర్య-హోవర్ → --నీలం-700
--చర్య-పై-పాఠ్యం → తెలుపు
--ప్రమాదం → --ఎరుపు-600
--ప్రమాదం-హోవర్ → --ఎరుపు-700
--ప్రమాదం-పై-పాఠ్యం → తెలుపు
--ఫోకస్ → --నీలం-500

"పై-పాఠ్యం" అన్న జంటల్ని గమనించండి. నింపడానికి వాడే ప్రతి రంగుకీ, దాని మీద రాసే అక్షరాల రంగు కూడా పక్కనే పుట్టాలి. ఈ రెండూ ఎప్పుడూ కలిసే మారాలి. లేకపోతే ఒక థీమ్‌లో బటన్ లేత పసుపు అవుతుంది, దాని మీద అక్షరాలు మాత్రం తెల్లగానే ఉండిపోతాయి.

జంట కట్టగానే కాంట్రాస్ట్, అంటే అక్షరాల వెలుగుకీ నేపథ్యం వెలుగుకీ ఉన్న నిష్పత్తి, చూడండి. అందరూ వాడగలిగేలా వెబ్ పేజీలు కట్టడానికున్న ప్రమాణం డబ్ల్యూసీఏజీ. దాని ఏఏ స్థాయిలో మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకూ, ఇన్‌పుట్ అంచులూ గుర్తులూ లాంటి భాగాలకూ 3:1 చాలు. కంటితో తేల్చగలమనుకోవద్దు. తెల్ల నేపథ్యం మీద #767676 బూడిద 4.54:1 వచ్చి గట్టెక్కుతుంది, #777777 మాత్రం 4.48:1 వచ్చి తప్పుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఎవరికీ తేడా తెలియదు. అదీగాక ఇక్కడ --తలం తెలుపు కాదు, బూడిద మొదటి మెట్టు. కాబట్టి మసక పాఠ్యాన్ని రెండు తలాల మీదా విడివిడిగా కొలవాలి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో రంగు మీద నొక్కితే ఈ నిష్పత్తి కనిపిస్తుంది.

కొత్త టోకెన్ ఎప్పుడు చేర్చాలి? నేను పాటించే పద్ధతి ఇది: రెండు చోట్ల ఉన్న రంగు ఏదో ఒక థీమ్‌లోనైనా వేరువేరుగా ఉండాల్సి వస్తే అప్పుడు విడదీస్తాను. "రేపు కావాల్సి రావచ్చు" అని ముందే చేర్చను. అలా చేర్చినవాటిలో ఏది ఎక్కడ వాడాలో ఎవరికీ గుర్తుండదు. చివరికి అందరూ కళ్ళకు నచ్చిన రంగును చూసి ఎంచుకుంటారు, మళ్ళీ మొదటికొస్తాం.

ఖాళీలు, అక్షరాలు

ఖాళీలకు 4 పిక్సెళ్ళ మెట్లు తీసుకోండి: 4, 8, 12, 16, 24, 32, 48, 64. రాసేటప్పుడు రెమ్‌లో రాయండి. బ్రౌజర్లలో మామూలుగా ఒక రెమ్ 16 పిక్సెళ్ళు. చూపు తక్కువైనవాళ్ళు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకుంటే, రెమ్‌లో రాసినవన్నీ వాటితోపాటే పెరుగుతాయి. ఫాంట్ సైజులు ఐదారు చాలు. మూలల గుండ్రానికి మూడు చాలు.

లైన్ హైట్ దగ్గర మాత్రం మన లిపి కోసం ఒక్క నిమిషం ఆగాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు ఉంటాయి, కింద ఒత్తు వేలాడుతుంది. ఇంగ్లీషుకి సరిపడే 1.4 లైన్ హైట్‌లో పై వరుస ఒత్తు, కింది వరుస గుడి ఒకదానికొకటి తగిలిపోతాయి. అందుకని --వరుస-ఎత్తు అని ఒక టోకెన్ పెట్టి, పేజీ భాష తెలుగైనప్పుడు దాన్ని 1.7 దగ్గరకు పెంచండి. ఏ కాంపొనెంటూ మార్చక్కర్లేదు. అలాగే బటన్‌కి ఎత్తు బిగించి, లైన్ హైట్ 1 ఇచ్చి, పొంగింది దాచేయమని రాస్తే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల కింది సగం తెగిపోతుంది. ఎత్తు బిగించడం మానేసి కనీస ఎత్తు ఇవ్వండి, మిగతాది ప్యాడింగ్ చూసుకుంటుంది.

ఒక బటన్ కట్టి చూద్దాం

బటన్ క్లాసులోనే దానికి సొంత వేరియబుల్స్ రెండుమూడు పెట్టండి. --బటన్-నేపథ్యం అనేది --చర్య నుంచి, --బటన్-అక్షరం అనేది --చర్య-పై-పాఠ్యం నుంచి, --బటన్-హోవర్ అనేది --చర్య-హోవర్ నుంచి విలువ తీసుకుంటాయి. తర్వాత అసలు ప్రాపర్టీలు, అంటే నేపథ్యం, అక్షరాల రంగు, ప్యాడింగ్, గుండ్రం, ఈ వేరియబుల్స్‌తో ఒక్కసారే రాయండి.

ఇప్పుడు "తొలగించు" బటన్ కావాలి. కొత్త క్లాసులో నేపథ్యం, హోవర్ నియమాలు మళ్ళీ రాయొద్దు. ఆ మూడు వేరియబుల్స్‌కీ --ప్రమాదం కుటుంబం నుంచి విలువలు ఇవ్వండి, అంతే. హోవర్, నొక్కినప్పటి స్థితి, ఫోకస్ అన్నీ ముందు రాసినవే పనిచేస్తాయి. ఒక్కో రకానికీ మూడు లైన్లకు మించి పడుతోందంటే బటన్‌ని సరిగ్గా విడదీయలేదని అర్థం.

ఫోకస్ గీతని ఎప్పుడూ తీసేయకండి. కీబోర్డుతో తిరిగేవాళ్ళకి తామెక్కడున్నారో చెప్పేది అదొక్కటే. అవుట్‌లైన్‌కి --ఫోకస్ ఇచ్చి, బటన్ అంచునుంచి 2 పిక్సెళ్ళు ఎడంగా పెట్టండి. అప్పుడు అది బటన్ రంగులో కలిసిపోదు. వేలితో నొక్కేవాళ్ళ కోసం కూడా ఒక అంకె గుర్తుంచుకోండి: 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, నొక్కే చోటు కనీసం 24×24 పిక్సెళ్ళుండాలి. అది కనీసం మాత్రమే. ఫోన్లో హాయిగా నొక్కాలంటే 44 దగ్గర పెట్టండి.

బటన్‌కి బయటి మార్జిన్ పెట్టకండి. తన చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో బటన్‌కి తెలియదు, దాన్ని పెట్టుకున్న వరసకి తెలుస్తుంది. ఆ వరస గ్యాప్ ద్వారా చూసుకోవాలి.

ఇక్కడ చాలామందిని ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. టోకెన్‌ని పేరుతో పిలిచే వార్ ఫంక్షన్‌లో ఆ పేరు తప్పు రాశారనుకోండి. బ్రౌజర్ ఎర్రర్ చూపించదు. పైన అదే ప్రాపర్టీకి మామూలు రంగు రాసి ఉన్నా దానికీ వెనక్కి పోదు. విలువ లెక్కకట్టే వేళకి పై నియమాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటుంది. కాబట్టి నేపథ్యమైతే పారదర్శకం అయిపోతుంది, అక్షరాల రంగైతే తల్లి ఎలిమెంట్ నుంచి వచ్చేస్తుంది. తెల్ల పేజీ మీద బటన్ మాయమై దాని తెల్ల అక్షరాలూ కనిపించకుండా పోతే, ముందు స్పెల్లింగ్ చూడండి. వార్‌లో రెండో విలువగా ప్రత్యామ్నాయం ఇవ్వొచ్చు గానీ, అంతటా ఇస్తూ పోతే తప్పులు దాగిపోతాయి. టోకెన్ కచ్చితంగా ఉండాల్సిన చోట నేను ఇవ్వను.

డార్క్ థీమ్

తెలుపుని నలుపుగా, నలుపుని తెలుపుగా తిప్పితే డార్క్ థీమ్ రాదు. లైట్ థీమ్‌లో కార్డు పైకి లేచినట్టు చూపేది దాని నీడ. నల్లటి పేజీ మీద నీడ కనిపించదు, అందుకే డార్క్‌లో పైకి లేచిన తలం కాస్త లేతగా ఉండాలి: --తలం → --బూడిద-900, --తలం-ఎత్తు → --బూడిద-800. --చర్య కూడా --నీలం-600 నుంచి --నీలం-300కి జరగాలి, ముదురు నేపథ్యం మీద ముదురు నీలం ఆనదు కనుక. బటన్ లేతదైంది కాబట్టి --చర్య-పై-పాఠ్యం ముదురు కావాలి. జంటగా పుట్టించినందుకు ఫలితం ఇక్కడ దక్కుతుంది. బటన్ ఫైల్ తెరవకుండానే పని అయిపోతుంది.

థీమ్ ఎంపికను హెచ్‌టీఎమ్‌ఎల్ ఎలిమెంట్ మీద ఒక డేటా ఆట్రిబ్యూట్‌గా పెట్టండి. వాడేవాళ్ళకి రెండు కాదు, మూడు దారులివ్వండి: లైట్, డార్క్, సిస్టమ్ ప్రకారం. మూడోది ఎంచుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చెబుతోందో మీడియా క్వెరీ ద్వారా తెలుస్తుంది. కలర్-స్కీమ్ ప్రాపర్టీని కూడా థీమ్‌తోపాటు మార్చడం మరిచిపోకండి. దాన్ని వదిలేస్తే పేజీ అంతా చీకటిగా ఉండి, స్క్రోల్‌బార్లూ డేట్ పికర్లూ మాత్రం తెల్లగా మెరుస్తుంటాయి.

డార్క్ ఎంచుకున్నవాళ్ళకి పేజీ తెరవగానే ఒక్క క్షణం తెల్లగా మెరిసి తర్వాత నల్లబడితే, దానికి కారణం ఆట్రిబ్యూట్ ఆలస్యంగా పడటమే. లోకల్ స్టోరేజ్‌లోంచి ఎంపికను చదివి ఆట్రిబ్యూట్ పెట్టే చిన్న స్క్రిప్టును హెడ్‌లోనే నేరుగా రాయండి. వేరే ఫైల్‌లో పెట్టి వాయిదా వేస్తే అది చేరేలోపు పేజీ గీసేయడం అయిపోతుంది. చీకటి గదిలో చదివేవాళ్ళ కళ్ళకి ఆ మెరుపు నిజంగా బాధ కలిగిస్తుంది, చిన్న లోపంగా తీసుకోకండి.

ఇప్పుడు అసలు చిక్కు. లైట్ పేజీలో ఒక్క భాగం మాత్రం డార్క్‌లో కావాలి, ఫుటరో, పక్క ప్యానెలో. ఆ డబ్బాలో --నీలం-600కి కొత్త విలువ ఇచ్చారు. లోపలి బటన్ మారలేదు. ఎందుకంటే --చర్య అన్నది రూట్ దగ్గర, అంటే పేజీ మొత్తానికీ పైనున్న ఎలిమెంట్ మీద, రాసింది. అక్కడే లెక్కకట్టి, వచ్చిన రంగు మాత్రమే వారసత్వంగా కిందికి దిగుతుంది. "నీలం-600ని చూడు" అన్న సూత్రం దిగదు. అందుకే ఒక్కో థీమ్‌కీ పనిపేర్ల జాబితా మొత్తాన్ని ఆ థీమ్ ఆట్రిబ్యూట్ ఉన్న ఏ ఎలిమెంట్‌కైనా పట్టేలా రాయాలి, రూట్‌కి మాత్రమే కాదు. బటన్ సొంత వేరియబుల్స్‌ని రూట్‌లో కాక బటన్ క్లాసులో పెట్టమన్నదీ ఇందుకే.

అది చేశాక కూడా ఆ డబ్బాలోని మామూలు పేరాలు నల్లగానే ఉండటం చూస్తారు. బాడీ మీద ఇచ్చిన అక్షరాల రంగు అక్కడే తేలిపోయి, ఆ నలుపే దిగింది. థీమ్ ఆట్రిబ్యూట్ ఉన్న ప్రతి ఎలిమెంట్‌కీ నేపథ్యం --తలం, అక్షరాల రంగు --పాఠ్యం అని ఇంకోసారి చెప్పండి. ఈ రెండు లైన్లు లేకపోవడం వల్ల పోయిన సాయంత్రాలు నాకు చాలానే ఉన్నాయి.

లైబ్రరీ వాడుతుంటే

రియాక్ట్‌లో మెటీరియల్ యూఐ లాంటి కాంపొనెంట్ల లైబ్రరీ వాడేవాళ్ళకి పైదంతా కొంత తయారుగా దొరుకుతుంది. క్రియేట్‌థీమ్‌తో థీమ్ కట్టి, థీమ్‌ప్రొవైడర్‌తో యాప్‌ని చుడితే ప్రతి కాంపొనెంటూ అందులోంచే తీసుకుంటుంది. పాలెట్‌లో ప్రైమరీ, ఎర్రర్, వార్నింగ్ అని పనిపేర్లే ఉంటాయి. మీ పట్టికలోని మూడో వరస అక్కడ సరిగ్గా కుదురుతుంది.

ఒక్కో కాంపొనెంట్‌కీ అక్కడికక్కడే స్టైల్ ఇచ్చే ఎస్‌ఎక్స్ ప్రాప్‌లో అంకెలు రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక్కో ప్రాపర్టీకీ అంకె అర్థం వేరు. ప్యాడింగ్ 2 అంటే 16 పిక్సెళ్ళు, ఎందుకంటే స్పేసింగ్ మెట్టు 8. బోర్డర్ రేడియస్ 1 అంటే థీమ్‌లోని 4 పిక్సెళ్ళు. కాబట్టి 8 పిక్సెళ్ళ గుండ్రం అనుకుని 8 రాస్తే 32 వస్తుంది. విడ్త్ 1 అంటే ఏకంగా 100 శాతం. కచ్చితమైన పిక్సెళ్ళే కావాలంటే కొటేషన్లలో ప్రమాణంతో సహా రాయండి.

ఇంకొకటి. ప్రైమరీ రంగు ఒక్కటే ఇస్తే దాని మీది అక్షరాల రంగును లైబ్రరీయే తేలుస్తుంది, కానీ అది చూసుకునే కాంట్రాస్ట్ పరిమితి మామూలుగా 3. కాంట్రాస్ట్‌థ్రెషోల్డ్‌ని 4.5 చేయండి. ప్రతి బటన్‌కీ ఎస్‌ఎక్స్ అతికించే బదులు, థీమ్‌లోని కాంపొనెంట్స్ విభాగంలో స్టైల్ఓవర్‌రైడ్స్ రాయండి. ఒకే ఎస్‌ఎక్స్ మూడోసారి కాపీ చేస్తున్నారంటే అది థీమ్‌లోకి వెళ్ళాల్సిందే.

తప్పించుకున్నవాటిని పట్టుకోవడం

సీఎస్ఎస్‌లో తప్పులు పట్టే స్టైల్‌లింట్ అనే పనిముట్టులో, నేరుగా హెక్స్ రంగులు (#767676 లాంటివి) రాయనివ్వని నియమం ఉంది. దాన్ని టోకెన్ల ఫైల్‌కి తప్ప మిగతా అన్నిటికీ ఆన్ చేయండి. పాత కోడ్ పెద్దదైతే ఒక్కసారిగా వందల తప్పులు చూపించి టీమ్‌ని బెదరగొడుతుంది. ముందు కొత్త ఫైళ్ళకు పెట్టి, ఫోల్డరు తర్వాత ఫోల్డరు విస్తరించండి.

లింట్ పట్టలేనివి కూడా ఉంటాయి: ఎస్‌వీజీ బొమ్మల్లో రాసేసిన రంగులు, బయటినుంచి తెచ్చిన విడ్జెట్లు. వీటి కోసం పరీక్షకని మూడో థీమ్ ఒకటి కట్టండి. --తలం గులాబీ, --పాఠ్యం ముదురు ఊదా, --చర్య నారింజ, --గీత పచ్చ, ఇలా పనిపేర్లన్నిటికీ మీ డిజైన్‌లో ఎక్కడా లేని రంగులివ్వండి. స్పేసింగ్ మెట్టును కూడా ఒకటిన్నర రెట్లు చేయండి. అప్పుడు పేజీలన్నీ తిరిగి చూడండి. ఇంకా బూడిదగానో నీలంగానో మిగిలిన ప్రతి చోటూ థీమ్‌ని అడగని చోటే. ఏ లెక్కా అక్కర్లేకుండా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నేను కొత్త ప్రాజెక్టులో అడుగుపెడితే మొదటి వారంలోనే ఇది చేస్తాను, ఎస్‌వీజీ గుర్తులు ప్రతిసారీ దొరుకుతాయి. వాటి ఫిల్ విలువను కరెంట్‌కలర్ చేస్తే చుట్టూ ఉన్న అక్షరాల రంగునే తీసుకుంటాయి, అయితే బొమ్మ పేజీలోనే నేరుగా ఉండాలి. ఇమేజ్ ట్యాగ్‌తో పిలిచిన ఎస్‌వీజీకి బయటి రంగు అందదు.

టోకెన్ పేరు మార్చాల్సి వస్తే పాతదాన్ని వెంటనే తీసేయకండి. పాత పేరు కొత్త పేరును చూపేలా ఒక్క లైను ఉంచండి, కానీ దాన్ని రూట్‌తోపాటు ప్రతి థీమ్ జాబితాలోనూ రాయాలి, కారణం పైన చూసిందే. పక్కనే ఎప్పుడు తీసేస్తారో కామెంట్‌లో తేదీ వేయండి. ఆ తేదీన కోడ్ అంతా వెతికి, పాత పేరు ఎక్కడా లేదని చూసుకుని, ఆ లైను కొట్టేయండి.